తప్పొప్పులు తేల్చేవారే మార్గదర్శి కావచ్చా? నర్సుల వృత్తి వికాసంపై ఒక పరిశీలన

కాలేజీలో నేర్చిన నర్సింగ్ ఒకటి, వార్డులో ఎదురయ్యేది మరొకటి. ఈ తేడా తగిలినప్పుడు కొత్త నర్సు పడే కలవరానికి మార్లీన్ క్రేమర్ 1974లో ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టారు. పదేళ్ల తర్వాత, 1984లో, ప్యాట్రీషియా బెన్నర్ డ్రైఫస్ సోదరుల నైపుణ్యార్జన నమూనాను నర్సింగ్‌కు అన్వయించి, అనుభవం లేని దశ నుంచి నిపుణురాలి దశ దాకా అయిదు మెట్లను గుర్తించారు. బీపీ, పల్స్ అంకెలు సరిగానే ఉన్నా రోగి తీరులో తేడా పసిగట్టి డాక్టరుకు కబురు పంపే సీనియర్ నర్సు చూపు పై మెట్టుకు చెందినది. అది పుస్తకం చదివితే రాదు. పక్కన ఉండి చూసి, అడిగి తెలుసుకోవాలి. మరి ఎవరిని అడగాలి? ‘ఇన్‌చార్జి సిస్టర్ ఉన్నారు కదా’ అన్న జవాబు సహజంగా వస్తుంది. చిక్కంతా ఆ జవాబులోనే ఉందని నా వాదన.

ఉద్యోగంలో మార్గదర్శకత్వాన్ని పరిశీలించిన క్యాథీ క్రామ్ 1985 నాటి గ్రంథంలో దానికి రెండు పనులున్నాయన్నారు: ఎదుగుదలకు దారి చూపడం, మనసుకు దన్నుగా నిలవడం. రెండోది జరగాలంటే కొత్త నర్సు తన లోటును దాచుకోకూడదు. కానీ డ్యూటీ చార్టు వేసేదీ, సెలవు అర్జీ చూసేదీ, పనితీరుపై పైకి రాసేదీ ఆ ఇన్‌చార్జి సిస్టరే అయినప్పుడు, ‘డ్రిప్ చుక్కల లెక్క నాకింకా పట్టుబడలేదు’ అని ఆమెతో ఎవరు చెప్పగలరు? చెప్పని లోటు చివరికి రోగి మంచం దగ్గర బయటపడుతుంది. ఇదే చిక్కు రెండో కొస బ్రిటన్‌లో కనిపించింది. అర్హత లేని విద్యార్థినులను కూడా ఫెయిల్ చేయడానికి మెంటర్లు వెనుకాడుతున్నారని క్యాథ్లీన్ డఫీ 2003లో చూపారు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 2018 ప్రమాణాల్లో పర్యవేక్షించేవారినీ, మూల్యాంకనం చేసేవారినీ వేరు చేసింది. అది విద్యార్థుల విషయమనీ, ఉద్యోగంలో ఉన్న నర్సులకు నేరుగా వర్తించదనీ అనవచ్చు. అయినా ఒకే మనిషి ఆప్తురాలిగానూ న్యాయనిర్ణేతగానూ ఉండాల్సిన ఇబ్బంది రెండు చోట్లా ఒక్కటే.

మనకు దగ్గరి ఆధారం కర్ణాటకలో ఉంది. మన సరిహద్దు జిల్లాలైన బళ్లారి, కలబురగిల్లో సుక్షేమ అనే తల్లీబిడ్డల ఆరోగ్య ప్రాజెక్టు కింద 108 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను తీసుకుని, సగం, అంటే 54 కేంద్రాలకు ఇదే పనికి నియమితులైన నర్సు మెంటర్లను పంపారు. వారు వచ్చి, అక్కడి సిబ్బందితో కలిసి, అక్కడే నేర్పారు. ఆ కేంద్రాల్లో ప్రసవాలకు సన్నద్ధత, సిబ్బంది పరిజ్ఞానం, ప్రమాణాల పాటింపు తక్కినవాటి కంటే మెరుగుపడ్డాయి. ఈ అధ్యయనం కొలిచింది సేవల నాణ్యతనే, నర్సుల కెరీర్‌ను కాదు. ఆ పరిమితిని ఒప్పుకోవాలి. కానీ మెంటర్ అదే కేంద్రపు అధికారి కానక్కర్లేదని మాత్రం ఇది రుజువు చేస్తోంది.

నర్సులే చాలనప్పుడు మెంటర్లను ఎక్కడి నుంచి తేవాలన్నది బలమైన అభ్యంతరమే. ప్రపంచవ్యాప్తంగా 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక చెప్పింది. అయితే కేంద్రానికొకరు అక్కర్లేదు. తిరిగే మెంటర్లు కొద్దిమందే చాలా చోట్లకు సరిపోతారు. సీనియర్లు ఎలాగూ నేర్పుతారు గదా అన్న మాటలోనూ నిజముంది, వారి రుణం తీరేది కాదు. కానీ ఆ నేర్పు చనువున్నవారికే అందుతుంది; వేరే జిల్లా నుంచి వచ్చి నోరు మెదపని అమ్మాయి దాకా వెళ్లదు. నేర్పితే గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లిపోతారన్న భయం ఇంకొకటి. వలసకు జీతం, పని పరిస్థితులు కారణాలవుతాయి. ఎదగనివ్వకుండా నిలుపుకొన్న నర్సు రోగికి ఏ మేలూ చేయదు. పైగా ఇక్కడా దారులున్నాయి: పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఎమ్మెస్సీ, క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, 2018 కేంద్ర మార్గదర్శకాలు తెచ్చిన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ. జిల్లా ఆస్పత్రిలో నైట్ డ్యూటీలతో సతమతమయ్యే జీఎన్ఎం నర్సుకు వీటిలో తనకేది తగునో కూర్చుని చెప్పేవారు కావాలి.

కాబట్టి మార్గదర్శి వేరే వార్డు నుంచి రావాలి. ఆమె వెచ్చించే గంటలు డ్యూటీ చార్టులో డ్యూటీగానే నమోదు కావాలి. పనితీరు నివేదికలో ఆమె సంతకం ఉండకూడదు. కొత్త నర్సు చెప్పుకున్న మాట ఆమె దగ్గరే ఆగాలి. రోగి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు, ఆ సంగతి మొదటి రోజే ఇద్దరికీ తెలియాలి.