కక్షతో ఉద్యోగం నుంచి తీసేస్తే ఏం చేయాలి?

పీఎఫ్ ఎందుకు కట్టలేదని అడిగినందుకో, ఓవర్‌టైం డబ్బుల కోసం లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టినందుకో ఉద్యోగం పోయిందని మనవాళ్లు సంఘం ఆఫీసుకు వస్తుంటారు. కొందరు అప్పటికే రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు. సంతకం పెడితే, తనే మానుకున్నాడని యజమాని వాదిస్తాడు. అందుకే ఎంత ఒత్తిడి చేసినా రాజీనామా రాయకండి.

చట్టం ఏమంటుంది?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కక్ష సాధింపుగా తీసేయడం, వివాద విచారణలో సాక్ష్యం చెప్పినందుకు తీసేయడం ఈ కోడ్ ప్రకారం నిషిద్ధం.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు కార్మిక శాఖ రాజీ అధికారికి అర్జీ ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. యూనియన్ అండ లేకపోయినా ఫరవాలేదు. తీసేసిన నాటి నుంచి గడువు 2 ఏళ్లు. పాత చట్టంలో 3 ఏళ్లుండేది, ఆ లెక్కన ఆగకండి. కేసు నెగ్గితే తిరిగి ఉద్యోగం, పాత జీతం, లేదా నష్టపరిహారం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

మేనేజర్లకు, 18,000 రూపాయలు మించిన జీతంతో సూపర్‌వైజరు పని చేసేవారికి ఈ దారి లేదు. అయితే హోదా పేరు కాదు, నిజంగా చేసే పనే లెక్క.

కర్ణాటక, తమిళనాడుల్లో దుకాణాలు, ఆఫీసుల్లో 6 నెలలు వరుసగా పనిచేసినవారిని సరైన కారణం, నెల నోటీసు లేదా నెల జీతం లేకుండా తీసేయకూడదు. తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు. దాని గడువు తక్కువ, వెంటనే కదలండి.

దాచవలసినవి

నియామక పత్రం, జీతం చీటీలు, హాజరు వివరాలు, మీరు పెట్టిన ఫిర్యాదు నకలు, వాట్సాప్ సందేశాలు. ఫిర్యాదు తేదీ, తీసేసిన తేదీ పక్కపక్కన పెడితే కక్ష కనబడుతుంది. నోటిమాటగా పొమ్మంటే, పనికి సిద్ధమేనని రిజిస్టర్డ్ పోస్టులో రాసి రసీదు దాచండి.

తీసేసిన 2 పనిదినాల్లో బకాయి జీతం ఇవ్వాలి. తీసుకోండి. కానీ ‘ఇక ఏ బాకీ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

లాయరు ఖర్చుకు భయపడవద్దు. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేయండి. అర్జీ తమిళంలోనో కన్నడంలోనో రాయాల్సి వస్తే మీ ఊరి తెలుగు సంఘాన్ని అడగండి. రాసిపెట్టేవారు ఉంటారు.