సినిమా చూడని వాళ్ళ అభిప్రాయాలు

'ద డావిన్చీ కోడ్' సినిమా గురించి నేను విన్న మొదటి అభిప్రాయం మా అమ్మమ్మది. ఆవిడ ఆ సినిమా చూడలేదు. 2006 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. అప్పటికి నేను గుంటూరులో డిగ్రీలో చేరబోతున్నాను. పేపర్లో వార్త చదివి వినిపిస్తే అమ్మమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "అయితే గొడవంతా ఆయనకి పెళ్ళయిందా లేదా అనేనా? సమాధి దగ్గరికి తెల్లారకముందే పోయింది ఆమేగా! ఆ సంగతి ఉందంటనా సినిమాలో?" అని అడిగింది.

అమ్మమ్మ ముప్పై ఏళ్ళు బైబిల్ ఉమన్‌గా పల్లెలు తిరిగిన మనిషి. పాస్టర్లు గడప బయటే ఆగిపోయే ఇళ్ళలో వంటింటి దాకా వెళ్ళి ఆడవాళ్ళకి అక్షరాలు, వాక్యం నేర్పింది. ఆదివారం గుడిలో మాత్రం చాప మీద కూర్చుని వినడమే ఆవిడ వంతు. అందుకే ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్ళూ గుర్తుండిపోయింది.

ఆ ఏడాది ఈ సినిమా మీద అభిప్రాయం లేనివాళ్ళు లేరు. డాన్ బ్రౌన్ నవల 2003లో వచ్చింది. రాన్ హోవార్డ్ తీసిన సినిమా 2006 మేలో కాన్ చిత్రోత్సవంలో మొదటి ప్రదర్శన జరుపుకుంది. విమర్శకులు పెదవి విరిచినా జనం మాత్రం విరగబడి చూశారు. వాటికన్‌లో ఒక ఆర్చిబిషప్పు బహిష్కరించమన్నాడు. ఇంగ్లండులో లింకన్ కెథెడ్రల్లో షూటింగు జరుగుతుంటే ఒక సన్యాసిని బయట మోకరించి గంటల తరబడి ప్రార్థన చేసింది. హంతకుడికి తెల్లటి చర్మం, తెల్లజుట్టు పెట్టినందుకు అల్బినిజం ఉన్నవాళ్ళ సంస్థ అభ్యంతరం చెప్పింది (నా లెక్కలో అన్నిటికన్నా న్యాయమైన ఆక్షేపణ ఇదే). మన దేశంలో సెన్సారు బోర్డు ఇదంతా కల్పితమన్న ప్రకటనతో, పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టుతో విడుదలకి ఒప్పుకుంది. అయినా కొన్ని రాష్ట్రాలు ఆపేశాయి. మన ప్రభుత్వం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టాన్ని బయటికి తీసింది. అదే నెలలో హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ ఉత్తర్వు కొట్టేశారు. ఉత్తర్వు ఇచ్చినవాళ్ళు సినిమా చూడకుండానే, ఆక్షేపించినవాళ్ళ మాట మీద ఇచ్చారన్నది ఆ కేసులో తేలిన విషయం. అంటే అమ్మమ్మా ప్రభుత్వమూ ఇద్దరూ చూడనివాళ్ళే. కాకపోతే ఆవిడ ప్రశ్న అడిగింది, వాళ్ళు జవాబు ఇచ్చేశారు.

ఆ తర్వాత హాస్టల్లో అద్దెకి తెచ్చిన డీవీడీలో చూశాం, ఒక కంప్యూటరు ముందు ఎనిమిది మందిమి. నవల చదివిన అమ్మాయికి నచ్చలేదు, పరుగే తప్ప పజిల్ లేదంది. ఇంకొకమ్మాయి, మా జిల్లాదే, రోమన్ కేథలిక్కు, మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళకి తెగ నచ్చింది. దేవుడి పక్కన ఒక ఆడది ఉందన్న ఊహే మాకు అప్పుడు విప్లవంలా తోచింది. నేనూ ఆ జట్టులోనే ఉన్నాను.

ఇప్పుడు చూస్తే ఆ విప్లవం ఎంత ఇరుకైందో తెలుస్తుంది. సోఫీ పోలీసు శాఖలో గూఢలిపి నిపుణురాలు. కానీ కథకి కీలకమైన సన్నివేశంలో ఇద్దరు మగ పండితులు ఆమెను సోఫాలో కూర్చోబెట్టి స్త్రీత్వపు రహస్యం బోధిస్తారు. చివరికి ఆమె విలువ ఆమె విద్యలో కాదు, ఆమె రక్తంలో ఉందని తేలుతుంది. నవలలో ఆమె తమ్ముడు బతికే ఉంటాడు. సినిమా వాణ్ణి చంపేసి, వంశమంతా ఆమె ఒక్కదాని గర్భం మీద పెట్టింది. మగ్దలేనే మరియకీ అంతే. ఆమె పవిత్ర పాత్ర అట, ద్రాక్షారసం గిన్నె అట! వేశ్య అన్న ముద్ర చెరిపి భార్య అన్న ముద్ర వేశారు. రెండింటిలోనూ ఆమె శరీరమే ఉంది, నోరు లేదు.

వేశ్య అన్న ముద్రకి తేదీ ఉంది. సువార్తల్లో ఆమె ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ, తన ఆస్తితో యేసు బృందాన్ని పోషించినవాళ్ళలో ఒకామె, సిలువ దగ్గర నిలబడినామె, పునరుత్థానానికి సాక్షి. వ్యభిచారి అని ఎక్కడా లేదు. 591లో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెనీ, లూకా ఏడో అధ్యాయంలోని పేరులేని పాపాత్మురాలినీ, బేతనియ మరియనీ కలిపి ఒకే మనిషిని చేశాడు. ఏడు దయ్యాలు సమస్త దుర్గుణాలైపోయాయి. తూర్పు సంఘాలు ఈ కలగాపులగాన్ని ఒప్పుకోలేదు. రోము 1969లో క్యాలెండరు సవరించినప్పుడు దాన్ని మెల్లగా వదిలేసింది. 2016లో ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల స్థాయి పండుగ చేసింది. పద్నాలుగు వందల ఏళ్ళ ముద్ర కదా, క్యాలెండరు సవరిస్తే పోతుందా?

సినిమాలో సాక్ష్యంగా చూపించే రెండు గ్రంథాలూ నిజంగా ఉన్నవే. ఫిలిప్పు సువార్త 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికింది. మరియను 'సహచరి' అనే వాక్యం అందులో ఉంది, ముద్దు సంగతి వచ్చేచోట ప్రతి చిరిగిపోయి ఉంది. ఆ మాటకి అరమాయికులో భార్య అని అర్థం అంటాడు నవలలో పండితుడు. ఆ ప్రతి ఉన్నదేమో కోప్టిక్ భాషలో, ఆ మాటేమో గ్రీకు నుంచి వచ్చింది! రెండోది మరియ సువార్త. దాని కోప్టిక్ ప్రతి 1896లో కైరోలో అమ్మకానికి వచ్చింది, అచ్చయింది 1955లో. మొదటి ఆరు పుటలు, మధ్యలో నాలుగు పుటలు దొరకలేదు. మిగిలిన దాంట్లో మరియ తనకి దర్శనంలో తెలిసింది శిష్యులకి బోధిస్తుంది. అంద్రెయ నమ్మనంటాడు. మనకి చెప్పకుండా ఒక స్త్రీకి చెప్పాడా అని పేతురు ఎదురు తిరుగుతాడు. ఆమె ఏడుస్తుంది. లేవి ఆమె పక్షం వహిస్తాడు. అక్కడి తగాదా పెళ్ళి గురించి కాదు, ఆడదాని బోధ చెల్లుతుందా లేదా అని. సినిమా ఆ తగాదాని తీసుకొచ్చి పెళ్ళికి రుజువుగా వాడుకుంది. ఎలైన్ పేగెల్స్ 1979లోనూ, కారెన్ కింగ్ 2003లోనూ దీని గురించి విపులంగా రాసి ఉన్నారు. ఆ పుస్తకాల్ని ఎవరూ నిషేధించలేదు.

అమ్మమ్మకి ఇదంతా చెప్పే సమయానికి ఆవిడ లేదు. మొన్న ఈస్టర్‌కి ఊరెళ్ళాను. ప్రసంగంలో మళ్ళీ 'పతిత అయిన మగ్దలేనే మరియ' వచ్చింది. పక్కన కూర్చున్న పిన్ని చెవిలో, ఆమె పతిత అని బైబిల్లో లేదు పిన్నీ అన్నాను. "ఊరుకోవే, లేకపోతే ఇన్నాళ్ళూ ఎందుకు చెబుతారు?" అంది. గుడి అయ్యాక మెట్ల మీద కూర్చుని లూకా ఏడో అధ్యాయం, ఎనిమిదో అధ్యాయం తీసి పెట్టాను. పిన్ని చూపుడువేలు పెట్టి రెండూ చదివింది. తర్వాత వెనక్కి తిప్పి ఏడు మళ్ళీ చదివింది. "ఈవిడకి పేరే లేదుగా?" అంది.