ఇంట్లో పిలిచే పేరు

ఆ కొబ్బరి మట్ట ఇటు పడెయ్ అమ్మలూ, మంట తగ్గింది. దగ్గరికి జరిగి కూర్చో. క్రిస్మస్ నక్షత్రం కట్టే పిల్లలు ఇంకో గంట దాకా రారులే.

నువ్వు సెలవులకొచ్చి నాలుగు రోజులైంది. మొన్న ఆదివారం గుడికి రానన్నావు, మీ అమ్మకి తలనొప్పని చెప్పావు. నేనేం అడగను. హైదరాబాదులో, ఆ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్లో ఆదివారాలు ఎట్లా గడుస్తున్నాయో కూడా అడగను. నా సంగతి చెప్తా, విను.

1976లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్సులో సీటొచ్చింది నాకు. అప్పట్లో విశాఖపట్నం స్టేషన్ బోర్డు మీద వాల్తేరు అనే ఉండేది. నా రేకుపెట్టెలో మూడు చొక్కాలు, ఒక దుప్పటి, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి. అన్నిటికీ అడుగున తువ్వాల్లో చుట్టిన నాన్న బైబిలు. ఎందుకు చుట్టానంటే, ఎవరికీ కనపడకూడదని.

నీకు ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో నాకున్న పేరు నీకు తెలుసుగా, ఏసయ్య పేరుతో మొదలవుతుంది. బాప్తిస్మంలో పెట్టిన పేరు అది. సర్టిఫికెట్లలో మాత్రం ఏడుకొండలవాడి పేరు. నన్ను బళ్ళో వేసినప్పుడు నాన్నే అట్లా రాయించాడు. 1950లో ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది, షెడ్యూల్డు కులాలవాళ్ళు హిందువులుగా ఉంటేనే ఆ కులంలో లెక్క అని. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. మనవాళ్ళని కలపలేదు. ఊళ్ళో మన గూడెం గూడెంగానే ఉంది, చెరువు దగ్గర మన రేవు వేరుగానే ఉంది, కాగితం మీద మాత్రం ప్రభువుని నమ్మిన రోజునే మన కులం పోయింది. కూలికెళ్ళి నన్ను చదివించిన మనిషి నాన్న. ఆయన చేసింది తప్పని అనడానికి నాకు నోరు రాదు, ఈనాటికీ రాదు. కానీ ఆ రెండు పేర్ల బరువు మోసింది నేను. ఎవరన్నా నన్ను చర్చి దగ్గర చూసి ఆఫీసులో చెప్తే స్కాలర్‌షిప్పు పోతుందని భయం.

అంతకుముందు బందరు నోబుల్ కాలేజీలో చదివా. 1843లో రాబర్ట్ నోబుల్ దొర మొదలెట్టిన బడి అది. అక్కడ బైబిలు చేత్తో పట్టుకుని నడిస్తే ఎవరూ తలతిప్పి చూడరు. వాల్తేరులో ఎవరూ నన్ను హింసించలేదు, అది కూడా చెప్పాలి. అక్కడ ఎవరికీ పట్టదు, అంతే. ఆదివారం ఏ గంటా మోగదు. మూడు ఆదివారాలు నేను గుడికెళ్ళలేదు. నాలుగోది వచ్చేసరికి అది ఆదివారమన్న సంగతే మర్చిపోయాను. విశ్వాసం పోవడమంటే పెద్ద పోరాటమేదో జరిగి పోతుందనుకునేవాణ్ణి. చెరువులో నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోతుంది అమ్మలూ, చప్పుడుండదు.

నా గదిలో ఉండేవాడిది శ్రీకాకుళం వైపు. పక్కా కమ్యూనిస్టు. రాత్రి ఒంటిగంట దాకా శ్రీశ్రీని చదివేవాడు. ఒక రోజు నేను పెట్టె సర్దుతుంటే తువ్వాలు జారింది. "ఏటోయ్ అది?" అన్నాడు. చూశాడు. "మీ దేవుడు కూడా నీలాగే భయపడి పెట్టెలో తొంగున్నాడేటి?" అన్నాడు. ఎగతాళికనలేదు, నిజంగానే అడిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత వారమో, ఆ పై వారమో, మెస్సు వెనక కుళాయి దగ్గర కంచం కడుక్కుంటున్నా. పక్కన ఎవరో కూనిరాగం తీస్తున్నారు. మాటల్లేవు, రాగమే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అది. మా నాయనమ్మ చల్ల చిలుకుతూ పాడేది. నాకు తెలియకుండానే రెండో చరణం అందుకున్నా. ఆయన కంచం కింద పెట్టి నా వైపు తిరిగి, "ఏ ఊరు తమ్ముడూ?" అన్నాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు, ఫిజిక్సులో రీసెర్చి చేస్తున్నాడు. పేరడిగాడు. సర్టిఫికెట్లో పేరు చెప్పా. "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అన్నాడు.

అట్లా దొరికారు నాకు. ఇ.యు. అనేవాళ్ళం, ఇవాంజెలికల్ యూనియన్. దేశం మొత్తానికి యు.ఇ.ఎస్.ఐ. అని 1954లో మొదలైంది. పాస్టరు ఉండడు, దొర ఉండడు, విద్యార్థులే నడుపుకోవాలి. మేం పదకొండు మందిమి. సాయంత్రం పూట హాస్టలు డాబా మీద, వాన పడితే ఎవరో ఒకరి గదిలో కూడేవాళ్ళం. గుంటూరు లూథరన్లు, బందరు సి.ఎస్.ఐ. వాళ్ళు, ఒంగోలు బాప్టిస్టులు, హెబ్రోను వాళ్ళు ఇద్దరు. చిన్నపిల్లలకి చిలకరిస్తే బాప్తిస్మమా, పెద్దయ్యాక ముంచితేనే బాప్తిస్మమా అని ఒకసారి గొంతులు లేచి, కింద గదులవాళ్ళు పైకొచ్చి చూశారు. ఆ రాత్రి ఎవరి గదులకి వాళ్ళు మొహాలు ముడుచుకునే వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం మళ్ళీ పదకొండు మందీ వచ్చారు. నాకు సంఘం అనే మాటకి అర్థం తెలిసింది ఆ మర్నాడే.

హెబ్రోను వాళ్ళు తమ సంఘం మొదలెట్టిన భక్తసింగ్ గారి సంగతి చెప్పేవాళ్ళు. ఆయన పంజాబు సిక్కు. లండన్లో, ఆ తర్వాత కెనడాలో విన్నిపెగ్‌లో ఇంజినీరింగు చదివాడు. చిన్నప్పుడు బైబిలు చింపేసిన మనిషి 1929లో, ఆ విన్నిపెగ్ చదువు రోజుల్లోనే, స్నేహితుడిచ్చిన కొత్త నిబంధన చదివి మారిపోయాడు. దైవసేవకని ఏ కాలేజీలోనూ చేరకముందే, ఇంజినీరు కావాలని వెళ్ళిన చోట దేవుడు ఎదురయ్యాడు ఆయనకి. యూనివర్సిటీ అంటే విశ్వాసం పోయే చోటని ఊళ్ళో భయపెట్టి పంపిన నాకు ఆ కబురు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

నెలకో ఆదివారం ఒక లెక్చరరు గారింట్లో భోజనం. వాళ్ళావిడని అందరం అక్కా అనేవాళ్ళం. ముద్దపప్పు, చారు, అప్పడం, కడుపునిండా. ఆయన ఒకసారి చెప్పారు, తెలుగులో సువార్తలు అచ్చు కావడానికి పని మొదలైంది ఆ విశాఖపట్నంలోనే అని. 1805లో లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డిగ్రాంజెస్ అని ఇద్దరు దిగారు. అయిదేళ్ళ లోపే ఇద్దరూ చనిపోయారు. వాళ్ళకి ఆనందరాయర్ అని బ్రాహ్మణ కులం నుంచి క్రీస్తుని నమ్మినాయన తోడు. 1812లో బెంగాలు శ్రీరాంపురంలో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ లేరు. నేను తువ్వాల్లో చుట్టి దాచిన పుస్తకం పుట్టిన ఊళ్ళోనే దాన్ని దాస్తున్నానని సిగ్గేసింది.

ఆ చలికాలమే దానియేలు గ్రంథం చదువుతున్నాం. మొదటి అధ్యాయం. నలుగురు కుర్రాళ్ళని బబులోనుకి పట్టుకుపోయి రాజుగారి విద్య నేర్పిస్తారు, పేర్లు మారుస్తారు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అని సండే స్కూల్లో ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటానో. వాళ్ళ అసలు పేర్లు హనన్యా, మిషాయేలు, అజర్యా. అంటే మనం నోరారా పిలిచేవన్నీ బబులోను సర్టిఫికెట్ల పేర్లన్నమాట! నేను ఆ డాబా మీద ఏడ్చేశా. ఎందుకో వాళ్ళకి చెప్పా, పెట్టె సంగతి, తువ్వాలు సంగతి, స్కాలర్‌షిప్పు సంగతి. పదకొండు మందిలో నలుగురు నాలాంటి వాళ్ళేనని అప్పుడు బయటపడింది. ఎవరూ ఎవరికీ తీర్పు చెప్పలేదు. డాబా ఎక్కాక మాత్రం ఇంట్లో పేరుతోనే పిలుచుకోవాలని అనుకున్నాం.

ఇక తుఫాను. 1977 నవంబరు 19, శనివారం. మన దివిసీమ మీద సముద్రం లేచిన సంగతి నీకు తెలుసు. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. సోర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళే ఊడ్చుకుపోయాయి. నాకు కబురు సోమవారం రేడియోలో తెలిసింది. ఒంగోలు అన్నా, మా కమ్యూనిస్టూ నాతో బయల్దేరారు. బెజవాడ దాటాక సగం దూరం నడకే. చెట్లు, తీగలు, పశువులు, మనుషులు. నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది. నాయనమ్మ లేదు, మా చిన్న చెల్లెలు లేదు. వాళ్ళిద్దరినీ తుమ్మచెట్ల మధ్య నుంచి తీసింది మా కమ్యూనిస్టే. నేను చెయ్యెయ్యలేకపోయా. హాస్టల్లో అంత వాదించినవాడు, మీ దేవుడేడీ అని ఒక్క మాట అడగలేదు.

అడిగింది నేను. వాల్తేరు తిరిగొచ్చాక ప్రార్థన నోట్లోకి రాలేదు. మూడు నెలలు. డాబా ఎక్కి కూర్చునేవాణ్ణి, గోడకానుకుని. బైబిలు తెరిచేవాణ్ణి కాదు, వాళ్ళు పాడితే పెదవి కదిపేవాణ్ణి కాదు. వాళ్ళు నాకు బోధ చెయ్యలేదు. దేవుడి చిత్తమని ఒక్కడూ అనలేదు, అని ఉంటే మళ్ళీ మెట్లెక్కేవాణ్ణి కాదు. ప్రతి రాత్రీ ఎవరో ఒకరు ప్రార్థన చివర నా పేరు పలికేవాళ్ళు, ఇంట్లో పేరు. "ప్రభువా, ఇతను ఈ పూట మాట్లాడలేడు, ఇతని బదులు మేం మాట్లాడుతున్నాం" అనేవాళ్ళు. అక్క క్యారేజీ పంపేది.

అందుకే ఎవరన్నా చదువుకునే రోజుల్లో విశ్వాసం ఎట్లా నిలుపుకున్నారు తాతా అంటే నాకు జవాబు రాదు. నేను నిలుపుకోలేదు. నేను పారేసుకుంటే వాళ్ళు దాచిపెట్టి మళ్ళీ నా చేతికిచ్చారు. ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఎందుకో తెలీదు, కుళాయి దగ్గర విన్న ఆ కీర్తనే అందుకుంటే నా గొంతు కూడా కలిసింది. ఎవరూ ఆగి నా వైపు చూడలేదు. పాట సాగిపోయింది.

చదువైపోయాక ఉద్యోగం దరఖాస్తులో మతం అన్నచోట క్రైస్తవుడనే రాశాను. మనలాంటి వాళ్ళకి బీసీల్లో సి గ్రూపు, ఒక్క శాతం. ఉద్యోగం రావడానికి నాలుగేళ్ళు పట్టింది. అట్లా రాయలేకపోయిన స్నేహితులు నాకు ఇప్పటికీ స్నేహితులే, వాళ్ళ ఇళ్ళల్లో ఆకలి నేను చూశా.

మా కమ్యూనిస్టు మారలేదు, నేనూ మారలేదు. కానీ ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు రాస్తాడు. మీద నా సర్టిఫికెట్ పేరుండదు, డాబా మీది పేరే ఉంటుంది. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ మొదటి ఏడు ఈ పేరుగలాయన ఎవరని ఊరంతా అడిగాడు. ఈ ఏడు కార్డు ఇంకా రాలేదు. రేపు పదింటికి వస్తాడు, నువ్వు కాస్త గుమ్మంలో ఉండు అమ్మలూ, నాకు కళ్ళు సరిగా కనపడటం లేదు, నువ్వే చదివి పెట్టాలి.