బొమ్మ పెట్టెపై నడకబల్ల

డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామంలో పుట్టిన లెగో ఇటుకను పిల్లల ఆటవస్తువుగా మనం ఎరుగుదుము. ఒకదానిపై ఒకటి బిగుసుకొనే ఈ ఇటుక నిర్మాణానికి 1958లో పేటెంటు కోరారు. 1966లో దానితో రైలుబండ్లు కూడా వెలువడినవి. క్రమంగా పెద్దలు సైతం ఈ ఇటుకలతో పూర్వకాలపు గూడ్సు పెట్టెలకు నమూనాలు కట్టే వ్యాసంగాన్ని చేపట్టారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల పాతకాలపు పెట్టెలపై వారిలో పలువురికి మక్కువ.

కొలతల లెక్క సులభమే. నలభై అడుగుల పొడవు, సుమారు పదడుగుల వెడల్పు గల పెట్టెను 48వ వంతుకు తగ్గిస్తే, ఇటుకల మీది బొడిపెల లెక్కన పొడవు 32, వెడల్పు 8 అవుతుంది. తేలవలసినది వేరొకటి కలదు: అది ఏ సంవత్సరపు పెట్టె? కప్పుమీద ఈ చివరినుండి ఆ చివరకు నడకబల్ల ఉండవలెనా, వద్దా?

ఆ బల్ల వెనుక గొప్ప చరిత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో గూడ్సు బండిని ఆపవలసి వచ్చినప్పుడు ఇంజను ఈల వేసేది. వెంటనే బ్రేకు పనివారు కప్పులపై పరుగెత్తి, పెట్టె పెట్టెకూ దూకుతూ, చేతి చక్రాలను ఒక్కొక్కటిగా బిగించేవారు. వానలోను, మంచులోను, చీకటిలోను అదే పని. పెట్టెలను తగిలించేటప్పుడు, రెండింటి నడుమ నిలిచి ఇనుప లంకెను చేతితో పట్టి, మేకు దించవలసి వచ్చేది. ఆ పనిలో వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, ప్రాణాలు కోల్పోయినవారు ఎందరో!

నివారణోపాయం లేకపోలేదు. వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు 1869లోను, జానీ అనే ఆయన తనంతట తగులుకొనే కప్లింగుకు 1873లోను పేటెంట్లు పొందారు. అయితే, ఖర్చుకు వెనుదీసిన కంపెనీలు గూడ్సు బండ్ల విషయంలో జాగు చేసినవి. అయోవా రాష్ట్రానికి చెందిన లోరెంజో కాఫిన్ ఏళ్ల తరబడి ఆందోళన సాగించగా, 1893 మార్చి 2న ఈ సాధనాలను విధిగా అమర్చవలెనని శాసనం వచ్చినది. గడువు 1898, దానినీ 1900 వరకు పొడిగించారు. అంటే, కప్లింగు కనిపెట్టిన తరువాత 27 ఏళ్లు గడచినవన్నమాట. శాసనం అమలైన పిదప తగిలింపు ప్రమాదాలు బాగా తగ్గినవి.

అయినను నడకబల్ల వెంటనే పోలేదు. నిలిచిన పెట్టెలు కదలకుండా బిగించే చేతి చక్రం పైననే ఉండుటచేత బల్ల అవసరం తీరలేదు. కొత్త పెట్టెలకు దానిని అమర్చడం అమెరికాలో 1966లో మానివేశారు.

నేటి బొమ్మబండ్లలో పెట్టెలు అయస్కాంతాల బలంతో తాకగానే కలుసుకొంటవి. నడుమ వ్రేలు పెట్టే పనిలేదు. ఆ సౌకర్యం నిజమైన బండ్లకు ఎంత ఆలస్యంగా లభించినదో, పిల్లవాడు పెట్టెపై ఆ సన్నని బల్లను అమర్చే వేళ పెద్దలు చెప్పదగును. అతని చేతిలోని బొమ్మకు అప్పుడు చరిత్ర తోడవుతుంది.