మానుకు తగిన రంపం

1977 నవంబరు 19వ తేదీన తీరాన్ని తాకిన తుపాను కృష్ణానది సాగరసంగమం దగ్గరి దివిసీమను ముంచివేసింది. నదికి ఇవతలి ఒడ్డున ఉన్న రేపల్లె, బాపట్ల ప్రాంతాలను కూడా అది విడిచిపెట్టలేదు. గాలి వెలిసిన తరవాత మొదట కావలసింది దారి. దారి మీద పడి ఉన్నవి చెట్లు. వాటిని కోయడానికి ఊళ్లలో ఉన్న పనిముట్లు గొడ్డలి, చేతి రంపం. ఒక పెద్ద నిద్రగన్నేరు మానును అడ్డంగా రెండు చోట్ల కోసి తొలగించాలంటే నలుగురు మనుషులకు పూటంతా పని.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈసారి జాతీయ విపత్తు సహాయ దళాలు దారులు తెరిపించడానికి వచ్చినప్పుడు వారి చేతుల్లో గొలుసు రంపాలు ఉన్నాయి. రెండు తుపానుల నడుమ గడిచినవి నలభయ్యారు ఏళ్లు. ఈ మార్పు వెనుక ఉన్న చరిత్ర మాత్రం అంతకంటె చాలా పొడవైనది. అది అడవిలో గాక ఆసుపత్రిలో మొదలైంది!

డెల్టాలోని గట్టి కలప

రేపల్లె ప్రాంతంలో పెద్ద అడవులు లేవు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరవాత ఇది వరి పండే నేల అయింది. ఇక్కడి కలప గట్ల మీదిది, పెరళ్లలోది, బాటల పక్కది: నల్లతుమ్మ, వేప, చింత, నిద్రగన్నేరు, తాడి. నాగళ్లకు, బండి చక్రాలకు వడ్రంగులు కోరి తెచ్చుకొన్నది తుమ్మ చేవ. ఎండిన టేకు ఘనమీటరు సుమారు 650 కిలోలు తూగితే తుమ్మ సుమారు 800 కిలోలు తూగుతుంది. చింత అంతకంటె బరువు. బరువైన కలపలో కణాల గోడలు దళసరిగా ఉంటాయి. రంపపు పన్ను తెంపవలసిన పదార్థం ఎక్కువ.

తాడి సంగతి వేరు. తుమ్మలో గట్టిదనం లోపల, చేవలో ఉంటుంది. తాడిలో అది బయట ఉంటుంది. లోపలిది మెత్తని బెండు. తాడి ఏకదళబీజ వృక్షం కాబట్టి దానికి చేవ వలయాలు లేవు. గట్టి నార కట్టలు బెరడు వైపున దట్టంగా చేరి ఉంటాయి. తాటి జాతి చెట్ల కణజాలంలో సిలికా కణికలు కూడా ఉండడం వల్ల రంపపు పళ్లు త్వరగా మొద్దుబారుతాయి.

అడ్డకోత, నిలువుకోత

కర్ర అనగా పొడవుగా పేర్చిన నారల మోపు. దానిని అడ్డంగా కోసేటప్పుడు ప్రతి నారనూ తెంపాలి. పళ్లు చిన్న కత్తుల వలె పక్కవాటున పదునుగా ఉండాలి. నిలువుగా చీల్చి పలకలు తీసేటప్పుడు పళ్లు ఉలి వలె ఎదురుగా తొలుచుకొంటూ పోవాలి. వడ్రంగి పెట్టెలో రెండు రకాల రంపాలు ఉండడానికి కారణం ఇదే.

కోత మిల్లులు రాక పూర్వం దుంగను గుంట మీద వాలుగా నిలిపి, గీత కొట్టి, పొడుగు రంపంతో పలకలు తీసేవారు. ఒకడు దుంగ మీద నిలిచి రంపం పైకి లాగితే, రెండవవాడు గుంటలో నిలిచి కిందికి లాగేవాడు. పొట్టు పడేది కిందివాని కళ్లలో. మనిషి రోజంతా ఆగకుండా చేయగల పని అశ్వశక్తిలో పదోవంతు మాత్రమే. ఇద్దరు కలిసినా అయిదోవంతు. తుమ్మ దుంగ ముందు ఈ శక్తి ఎంత?

శస్త్రచికిత్స నుంచి అడవికి

గొలుసుకు పళ్లు పెట్టి కోయవచ్చునన్న ఆలోచన మొదట వైద్యులకు తోచింది. పద్దెనిమిదో శతాబ్ది చివర స్కాట్లండులో జాన్ ఐట్కిన్, జేమ్స్ జెఫ్రే అనే వైద్యులు ఎముకలు కోయడానికి చేతితో లాగే సన్నని పళ్ల గొలుసును వాడారు. 1830 ప్రాంతంలో జర్మన్ దేశస్థుడు బెర్న్‌హార్డ్ హైనే, ఉక్కు పట్టీ చుట్టూ పిడితో తిప్పే గొలుసు అమర్చి ఎముకల రంపం తయారుచేశాడు. నేటి రంపపు రూపురేఖలు అందులోనే కనిపిస్తాయి.

1905లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్, కాలిఫోర్నియాలోని మహావృక్షాలను కోయడానికి అంతులేని గొలుసు రంపానికి పేటెంటు పొందాడు. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడిచే రంపాన్ని, 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని తయారుచేశారు. అవి ఇద్దరు మోయవలసిన బరువైన యంత్రాలు. 1950లో స్టీల్ సంస్థ ఒక్కడే పట్టుకొని పనిచేయగల రంపాన్ని తెచ్చింది; దాని బరువు 16 కిలోలు. రంపాన్ని ఎటు వంచినా ఇంజనుకు ఇంధనం సరిగా అందించే పలుచని పొర గల కార్బురేటరు వచ్చిన తరవాతనే ఇది సుకరమైంది.

ఇంజను చిన్నదైంది గాని గొలుసు పళ్లు మాత్రం పాత రంపపు పళ్ల వలె గీరుతూనే ఉన్నాయి. వాటిని పదును పెట్టడమే పెద్ద పని. 1946లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే అడవి పనివాడు కట్టెలు కొడుతూ, మొద్దులోని ఒక పెంకు పురుగు లార్వాను గమనించాడు. అది నార వెంట గాని, నారకు అడ్డంగా గాని సునాయాసంగా తొలుచుకొని పోతున్నది. దాని దవడలు రెండు, కుడికీ ఎడమకూ కదిలే కొక్కేలు. కాక్స్ ఆ దవడల ఆకారాన్ని ఉక్కులో దించి, ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తరవాత ఒకటిగా గొలుసులో అమర్చాడు. 1947 నుంచి ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. నేటికీ గొలుసు రంపాలు చాలామట్టుకు ఆ పురుగు చూపిన దారినే నడుస్తున్నాయి.

ఎంత రంపం కావాలి?

రంపం పరిమాణాన్ని రెండు కొలతలు నిర్ణయిస్తాయి. ఒకటి గొలుసు తిరిగే పట్టీ పొడవు. రెండవది ఇంజను సిలిండరు ఘనపరిమాణం. ఒకటి పెంచి రెండవది పెంచకపోతే ప్రయోజనం లేదు. పట్టీ ఎంత పొడవుగా కర్రలో దిగితే అన్ని పళ్లు ఒకేసారి కోస్తాయి. వాటన్నిటికీ శక్తి పంచవలసింది ఒక్క ఇంజనే.

చెట్టు కొట్టడానికి పట్టీ పొడవు మాను అడ్డుకొలత కంటె రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. పన్నెండు, పద్నాలుగు అంగుళాల తుమ్మకు 16 అంగుళాల పట్టీ, 45 నుంచి 50 ఘన సెంటీమీటర్ల ఇంజను సరిపోతాయి. మూడడుగుల నిద్రగన్నేరుకు మూడడుగుల పట్టీ అక్కరలేదు. రెండు వైపుల నుంచి కోయడం తెలిసినవానికి 20 నుంచి 24 అంగుళాల పట్టీ, 60 నుంచి 70 ఘన సెంటీమీటర్ల ఇంజను చాలు. ఇలాటి ఇంజను సుమారు నాలుగు అశ్వశక్తుల పని చేస్తుంది. అనగా గుంట రంపం లాగే నలభైమంది పని!

అదే దుంగను నిలువుగా కోసి పలకలు తీయాలంటే లెక్క మారుతుంది. దుంగ మీద అమర్చే చట్రం పట్టీ పొడవులో నాలుగైదు అంగుళాలను మింగివేస్తుంది. పట్టీ అంతా కర్రలో మునిగి, ఇంజను నిమిషాల తరబడి పూర్తి వేగంతో తిరగాలి. రెండడుగుల తుమ్మకో చింతకో 90 ఘన సెంటీమీటర్లకు తగ్గిన ఇంజను నలుగుతుంది, వేడెక్కుతుంది. గొలుసు పళ్ల కోణాన్ని కూడా మార్చాలి. అడ్డకోతకు 30 డిగ్రీలు ఉండే కోణాన్ని నిలువుకోతకు పది డిగ్రీలకు ఆకురాయితో తగ్గిస్తారు. వడ్రంగి రెండు రంపాల సూత్రమే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

శక్తి ఒక్కటే లెక్క కాదు. ఈ గొలుసు కోసిన చోట అంగుళంలో సుమారు మూడోవంతు కలప పొట్టు అవుతుంది. అంగుళం మందం పలకలు తీస్తే, ప్రతి మూడు పలకలకు నాలుగో పలక పొట్టులో కలుస్తుంది. కోత మిల్లులోని పట్టీ రంపం ఇందులో చాలా తక్కువ పాడుచేస్తుంది. కాబట్టి బండి పోయే దారి ఉంటే దుంగను మిల్లుకు చేర్చడమే లాభం. లంక నేలలో, బురదలో, దుంగ కదలని చోట మాత్రమే చట్రం కట్టిన గొలుసు రంపం అక్కరకు వస్తుంది.

చివరి కొలత

పెద్ద రంపం కొంటే పని త్వరగా తెములుతుందనుకోవడం సహజం. కాని గొలుసు సెకనుకు సుమారు ఇరవై మీటర్ల వేగంతో పరుగెడుతుంది. పట్టీ కొన పైభాగం కర్రకు తగిలితే రంపం మెరుపు వలె వెనక్కి, కోసేవాని ముఖం మీదికి ఎగురుతుంది. అప్పుడు గొలుసును తక్షణం ఆపే బ్రేకు 1970 దశకం మొదట్లో వాడుకలోకి వచ్చింది. తుపానుకు పడిన చెట్టు మరింత అపాయం. వంగిన బోదెలో ఒక వైపు నారలు బిగిసి, మరొక వైపు నలిగి ఉంటాయి. ఆ బిగువు ఏ వైపున ఉన్నదో చూడకుండా కోస్తే, మాను ఒక్కసారిగా చీలి మనిషి మీదికి రావచ్చు. లేదా పట్టీని పట్టుకొని వదలకపోవచ్చు.

అందుచేత పడిన చెట్టు ముందు మొదట చేయవలసింది ఇంజను తిప్పడం కాదు. మాను ఎటు వంగి ఉన్నది, బరువు ఎక్కడ ఆని ఉన్నది అని చుట్టూ తిరిగి చూడడం. మానును బట్టి రంపం, మనిషిని బట్టి బరువు. గుంట మీద నిలిచి పలకలు కోసిన పూర్వులు కూడా గీత కొట్టిన తరవాతనే రంపం పట్టేవారు. యంత్రం మారినా ఆ క్రమం మారలేదు.