పస్తు, ఉపవాసం, నిరాహార దీక్ష

కూలి దొరకని రోజు వాడలో పొయ్యి వెలగకపోతే అది పస్తు. ఇంట్లో గింజలుండీ దేవుడి కోసం తినకపోతే ఉపవాసం. సమాజాన్నో ప్రభుత్వాన్నో నిలదీయడానికి తిండి మానేస్తే నిరాహార దీక్ష. చరిత్ర పుస్తకాల్లో మూడోదానికి ఉన్న చోటు మొదటిదానికి లేదు. పస్తులున్నవాళ్ల కోసమని జరిగిన దీక్షల్ని వాళ్ల వైపు నుంచే చూడాలన్నది మా ఉద్దేశం.

1932 ఆగస్టులో వెలువడ్డ కమ్యూనల్ అవార్డు అస్పృశ్యులకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి. రెండోది సాధారణ నియోజకవర్గంలో వేయడానికి. అంటే ఆ రెండో ఓటు కోసమైనా సవర్ణ అభ్యర్థి వాడకి రావాల్సిందే. ఈ ప్రత్యేక ఎన్నికకు వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో ఆమరణ దీక్ష మొదలుపెట్టారు. సవర్ణుల మనస్సాక్షిని కదిలించడానికే ఈ దీక్ష అన్నారు. మరి వదులుకోమని ఒత్తిడి వచ్చింది ఎవరి మీద? అంబేద్కర్ మీద. దీక్ష వల్ల గాంధీ అనుచరులు అస్పృశ్యుల మీద దౌర్జన్యానికి దిగుతారని ఆయన ముందురోజే పత్రికా ప్రకటనలో హెచ్చరించారు.

24న పూనా ఒప్పందం కుదిరింది. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మద్రాసు రాష్ట్రంలో 18 నుంచి 30కి. రెండో ఓటు మాత్రం పోయింది. నలుగురు అభ్యర్థుల్ని మనవాళ్లు ఎంచుకోవచ్చు, అందులో గెలిచేదెవరో ఉమ్మడి ఓటర్లు తేలుస్తారు. సీట్లు పెరిగినా ఎంపిక చెయ్యి దాటిపోయిందన్నమాట.

ఆ రోజుల్లోనే గురువాయూరు గుడి ముందు కేళప్పన్ అస్పృశ్యుల ప్రవేశం కోసం దీక్ష చేశారు. గాంధీ మాట మీద విరమించారు. పొన్నాని తాలూకాలో గుడికెళ్లే హిందువుల అభిప్రాయం సేకరిస్తే ఎక్కువమంది ప్రవేశానికే ఒప్పుకున్నారు. అయినా తలుపు తెరుచుకున్నది 1947లో.

మన దగ్గర పొట్టి శ్రీరాములు అనగానే 1952, ఆంధ్ర రాష్ట్రం, 58 రోజుల దీక్ష గుర్తుకొస్తాయి. ఆయనే 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల ప్రవేశం కోసం దీక్ష చేసిన సంగతి అంతగా వినపడదు. ఈ దీక్షకూ ఎరవాడ దీక్షకూ తేడా ఉంది. ఇక్కడ భారం తలుపు మూసినవాళ్ల మీద పడింది, దళితులు పోగొట్టుకున్నదేమీ లేదు. అందుకే దీనిని సంఘీభావం అనగలం.

అయితే ఒక మాట. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువుకి అంబేద్కర్‌తో కలిసి నడిచినవాళ్లు నీళ్లు మానలేదు, తాగారు. ఎవరి మనసు మారేదాకా ఆగలేదు. ఆకలిని పుట్టుకతోనే మోస్తున్నవాళ్ల పోరాటం ఇలా తీసుకోవడంతోనే మొదలైంది.

ఇవాళ కలెక్టరాఫీసుల ముందు రిలే దీక్షల టెంట్లలో మనవాళ్లూ కూర్చుంటున్నారు. వద్దనడం లేదు. కానీ ప్రతి దీక్షనూ రెండు ప్రశ్నలడగాలి: దీని ఒత్తిడి ఎవరి మీద పడుతోంది? చివరికి వదులుకునేది ఎవరు? జవాబు వాడ వైపు చూపిస్తే, అది ఎంత పెద్ద మనిషి ఆకలైనా మనకోసం కాదు.