గంపయు, దానిని అల్లినవారును

ఆశ ఎక్కువైనచో "గంపెడాశ" అందుము. ఊరు విడిచిపోయినవాడు "తట్టాబుట్టా సర్దుకొనినాడు" అందుము. మన మాటలలో ఇంతగా నిలిచిన ఈ అల్లిక వస్తువునకు చరిత్ర గ్రంథములలో చోటు దొరకలేదు.

నేడు కొత్తగూడ చుట్టును అద్దాల మేడలే. పొరుగున మాదాపురములో 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట వచ్చిన రూపమిది. అంతకు పూర్వమిది నగరము వెలుపలి పల్లె. పల్లె యింట గంప లేనిదే ప్రొద్దు గడవదు. ఎరువు చేనికి చేర్చుటకు గంప, మన్ను మోయుటకు తట్ట, చెరుగుటకు చాట, గంజి వార్చుటకు సిబ్బి, ధాన్యమునకు గుమ్మి. చీకటి పడినచో కోళ్ళను కమ్ముటకు మరల గంపయే!

మధ్య ఆఫ్రికా అడవులలో పలుచోట్ల స్త్రీలు బుట్టను వీపున దాల్చి, దాని పట్టెను నుదుటికి తగిలించి నడతురు. కొమ్మలు క్రిక్కిరిసిన దారిలో తలపై బరువు సాగదు కాబోలు. మన పొలముగట్లు బట్టబయలు. కనుక మన స్త్రీ చుట్టబట్టపై గంప నిలిపి, చేతులు విడిచి నడచును.

వెదురుపని మేదరులది. ఎరుకలవారిలోనో, వృత్తిని బట్టియే పేర్లు: వెదురు దబ్బలతో అల్లువారు దబ్బ ఎరుకలు, ఈతపుల్లలతో అల్లువారు ఈతపుల్లల ఎరుకలు. ఉప్పు ఎరుకలు సముద్రతీరపు ఉప్పును గాడిదలపై లోపలి పల్లెలకు చేర్చి, ధాన్యమునకు మార్చెడివారు. రైలు వచ్చి ఆ వర్తకమును హరించెను. పిదప 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరింపగా, ఊరూర తిరిగి బ్రతుకు ఈ జనులు పుట్టుకతోనే నేరస్థులుగా నమోదైరి. వ్రేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటుటకు అనుమతి! బుట్టలమ్ముటకు పొరుగూరికి పోవుటయే నేరమైనచో బుట్ట అల్లి ఫలమేమి? స్వతంత్ర భారతము ఆ చట్టమును 1952లో రద్దుచేసినది. అనుమానము మాత్రము అంత త్వరగా రద్దు కాలేదు.

వెదురుకును ఒక చట్టము పట్టినది. శాస్త్రజ్ఞులకు వెదురు గడ్డిజాతి; 1927 నాటి అటవీ చట్టమునకు మాత్రము వృక్షము. అందుచే అడవి వెలుపల పెరిగిన వెదురును నరికి తరలించుటకును అనుమతులు కావలసివచ్చెను. ఆ నిబంధన 2017లో తొలగినది. అప్పటికే సంతలలో రేకు తట్టలును, ప్లాస్టిక్ బుట్టలును నిండియున్నవి.

అయినను తెలుగునాట పెక్కు పెండ్లిండ్లలో మేనమామలు వధువును కూర్చుండబెట్టి పీటలకడకు మోసికొనివచ్చునది నేటికిని వెదురు గంపలోనే.